జీతమెంత? కబురెప్పుడు?
సర్కారు నౌకరీల భర్తీలో అభ్యర్థులకు అందని రెండు జవాబులు

సిరికొండ: గల్ఫుకు పోయే మనిషి ఏజెంటును మొదట అడిగేది జీతమెంత అని. తరువాత అడిగేది విమానం ఎప్పుడు అని. ఆ రెండూ తెలిసిన తరువాతే అప్పు కోసం తిరుగుతాడు. సర్కారు నౌకరీకి దరఖాస్తు పెట్టే యువకుడు మాత్రం ఈ రెండూ సరిగా తెలియకుండానే కోచింగుకు వేలకు వేలు పోస్తున్నాడు.

బోధన్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. జిల్లాలో చదువుకున్న వారికి స్థిరమైన నౌకరీల దారి మరింత ఇరుకైంది. తల్లి బీడీలు చుట్టిన పైకం, తండ్రి పసుపు అమ్మిన పైకం పిల్లల కోచింగుకు పోతున్నాయి. అందుచేత నియామక ప్రకటనలో ఏమున్నదో, ఏమి లేదో గ్రామాలలో తెలిసి ఉండటం అవసరం.

స్కేలు వేరు, చేతికొచ్చేది వేరు

ప్రకటనలో జీతం ఉండదని కాదు. ఉంటుంది, కాని స్కేలు రూపంలో ఉంటుంది. 2020 వేతన సవరణ ప్రకారం జూనియర్ అసిస్టెంటు స్కేలు రూ. 24,280 నుంచి 72,850 వరకు. రెండో అంకె చూసి మురిసిపోరాదు. అది దశాబ్దాల సర్వీసు తరువాత మాట. మొదటి అంకె మూల వేతనం మాత్రమే. దానికి కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం పింఛను నిధికి పోతుంది. వృత్తి పన్ను, బీమా కోతలు వేరు. ఇవన్నీ పోగా మొదటి నెల చేతికెంత వస్తుందో స్కేలు చూసి చెప్పడం కొత్తవారికి సాధ్యం కాదు.

పంచాయతీ కార్యదర్శుల అనుభవం

మన ఊరి పంచాయతీ ఆఫీసులోనే దీనికి ఉదాహరణ ఉంది. 2018 ఆగస్టులో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన వెలువడింది. నెలకు రూ. 15,000 చొప్పున మూడేళ్ళు పనిచేయాలన్నారు. 2019లో చేరారు. 2021 జూలై నుంచి జీతం రూ. 28,719కి పెరిగింది, సంతోషమే. అయితే మూడేళ్ళ ప్రొబేషను నాలుగేళ్ళయింది. ఆ గడువూ దాటినా క్రమబద్ధీకరణ కాకపోవడంతో 2023 ఏప్రిల్‌లో వారు సమ్మెకు దిగారు. ఆ తరువాతనే పనితీరు పరిశీలించి క్రమబద్ధీకరించే ప్రక్రియ మొదలైంది. చేరేనాడు చెప్పిన షరతు మధ్యలో మారితే, దాన్ని నమ్మి పెళ్ళి, అప్పు, పిల్లల చదువు లెక్కవేసుకున్న కుటుంబం ఏమి కావాలి?

నాలుగు వాయిదాలు

ఇక రెండో ప్రశ్న, కబురు. గ్రూప్-2లో 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. నవంబరుకు మార్చారు. అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్ళీ ఆగస్టుకు పోయింది. చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీలలో జరిగింది. వాయిదాలలో కొన్ని అభ్యర్థులే కోరినవి కావచ్చు. కాని ప్రతి వాయిదాకూ పట్నంలో గది అద్దె, మెస్సు ఖర్చు పెరిగేది అభ్యర్థికే.

కబురు అందించడం దయాదాక్షిణ్యం కాదు, బాధ్యత. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టరాదని, పత్రికలలో ప్రకటించి, నోటీసు బోర్డులపై పెట్టి, రేడియో, టెలివిజన్ల ద్వారా కూడా తెలియజేయాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన తెలుగునాట కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నుంచి వెళ్ళినదే. నేడు కబురు సెల్‌ఫోనుకు వస్తున్నది. నెంబరు మారినవారికి, సిగ్నలు అందని చోట ఉన్నవారికి పంచాయతీ నోటీసు బోర్డే దిక్కు.

అడిగే హక్కు ఉంది

సమాచార హక్కు చట్టం, 2005 నాలుగో సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాన్ని అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించకపోతే తెల్లకాగితంపై దరఖాస్తు ఇవ్వవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. ముప్పయి రోజులలో జవాబు రావాలి. ఫలానా పోస్టులో నిరుడు చేరినవారికి మొదటి నెల ఎంత ముట్టిందని దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవచ్చు.

ప్రభుత్వం చేయవలసినది కూడా పెద్ద పని కాదు. ప్రకటనలో మూడు మాటలు చేర్చాలి: మొదటి నెల చేతికొచ్చే సుమారు మొత్తం, ప్రొబేషను ఎన్నాళ్ళు, ఫలితం ఏ నెలలో. తేదీ మారితే కారణం చెప్పి, ఆ కాగితం ప్రతి పంచాయతీ బోర్డుపై అంటించాలి. ఖజానాకు దీనివల్ల పడే భారం స్వల్పం. ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఇంటికి మాత్రం, ఇంకా ఆగాలో వేరే దారి చూసుకోవాలో ఆ కాగితమే చెబుతుంది.