బెల్లం పొయ్యి మారాలంటే...

అనకాపల్లి వైపు బెల్లం వండే రైతు సోదరులారా! పొయ్యి గొట్టంలోంచి పొగతోబాటు మీ చెరకు పిప్పి వేడి కూడా గాల్లో కలిసిపోతోంది. ఆ దారిలో రెండో పెనం పెడితే తర్వాతి వంటకు రసం ముందే కాగుతుంది, పిప్పి ఆదా అవుతుంది. కానీ ఎకరం చెరకు వేసేవాడు ఒక్కడే పొయ్యి ఎక్కడ కట్టించగలడు? నలుగురైదుగురు కలిసి కట్టుకుంటామంటే సర్కారు సబ్సిడీ ఇవ్వాలి.

ఇక రంగు సంగతి. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార నిబంధన. అయినా హైడ్రాస్ వేసిన తెల్ల దిమ్మకే వ్యాపారి నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడు. బెండ మొక్కల జిగురుతో మడ్డి తీసి వండితే, నల్లగా ఉందని ధర కోస్తాడు. మరి రైతునంటే ఏం లాభం? మందు వేయని బెల్లానికి యార్డులో వేరే కుప్ప, వేరే పాట పెట్టమని ఈ సీజనుకు ముందే మార్కెట్ కమిటీని అడగండి.