దిగులుకు ఖమీరా ఒక్కటే చాలదు

అప్పులు తీరాయి. ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి. సొంత ఇల్లుంది, కొడుకు నెలనెలా ఇంత అని చేతిలో పెడుతున్నాడు. అయినా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. గుండె దడదడలాడుతుంది. లేచి బీరువా తాళం లాగి చూస్తారు. ‘రేపు ఇదంతా పోతే?’ అన్నదే దిగులు. ఇలాంటి పెద్దమనిషి మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఉండే ఉంటారు. అది మీరే కావచ్చు కూడా.

బతుకుతెరువు కోసం ఊరు వదిలి బళ్ళారికో, కోలారుకో, షోలాపూర్‌కో చేరి స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో. బిడ్డకు జ్వరమొస్తే మందుకు చిల్లర లేని రాత్రులు చూసినవారున్నారు. ఏళ్ళ తరబడి లేమిలో మెలిగిన మనసుకు భయం అలవాటైపోతుంది. జేబు నిండినంత త్వరగా ఆ అలవాటు పోదు. కనుక ‘నీకేం తక్కువ?’ అని గద్దించడం వైద్యం కాదు.

ఆరోగ్యానికి తప్పనిసరి కారకాలు ఆరు అని యునానీ చెబుతుంది. గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. వీటినే ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. ఎడతెగని చింత మనసు విశ్రాంతిని చెడగొడుతుంది. దాని వెంటే నిద్రా, ఆకలీ చెడతాయి. అప్పుడు ఖమీరా గావ్‌జబాన్ డబ్బా ఒకటి కొనిచ్చి ఊరుకోవడం సగం వైద్యమేనని నా అభిప్రాయం. పైగా ఖమీరాలను పంచదార పాకంతో చేస్తారు. షుగర్ ఉన్నవారు హకీంను అడగకుండా వాడరాదు.

వెయ్యేళ్ళ క్రితమే హకీం రాజీ తన ‘అత్తిబ్బుర్రూహానీ’లో అతి చింత గురించి, సంపాదన-ఖర్చుల గురించి వేర్వేరు అధ్యాయాలు రాశారు. ఆపద కోసం దాచుకోవాలన్నారు. కానీ అవసరం తీరాక కూడా కూడబెట్టడానికే బతికేవాడు నష్టపోయినవాడేనని తేల్చారు. డబ్బు గురించి అడగడం వైద్యుడి పని కాదని ఆయన అనుకోలేదు.

పొదుపు జబ్బు కాదు. మరి ఎక్కడ జబ్బవుతుంది? బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు. భార్య కంటి శుక్లం ఆపరేషన్‌ను ‘వచ్చే ఏడు చూద్దాం’ అని మూడేళ్ళు వాయిదా వేసినప్పుడు. ఏ ఆపద కోసం దాచారో ఆ ఆపద ఎదురుగా నిలబడితే కూడా చెయ్యి బీరువా వైపు కదలదు. అసలు ప్రమాదం ఇదే.

అందుకని కొన్ని పనులు చేయండి. ఇల్లు గడవడానికి ఏడాదికి ఎంత కావాలో కాగితం మీద రాయండి. అంత మొత్తం పక్కన పెట్టాక ‘ఇది చాలు’ అని ఇంట్లోవాళ్ళ ముందు చెప్పండి. మందులకు, పరీక్షలకు వేరే కవరు పెట్టండి. అది ఖర్చు కావడానికే ఉందనుకోండి. లెక్క నెలకు ఒక్క రోజు, పగటిపూట చూడండి. రాత్రి పాస్‌బుక్ ముట్టకండి. బ్యాంకు మునుగుతుందన్న భయముంటే, 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉందని గుర్తుంచుకోండి. సాయంత్రం తర్వాత టీ మానండి. రోజూ అరగంట నడవండి.

ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే దిగులే కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పిల్లలకు ఒక మాట. నాన్న చేతిలో ఇంకొంత డబ్బు పెడితే ఆయన భయం తీరదు. పక్కన కూర్చుని ఆ లెక్క ఒకసారి కలిసి చూడండి. అలాగే, అమ్మ కంటి ఆపరేషన్‌కు తేదీ ఈ వారమే తీసుకోండి.