నాటకశాలకు పునాదిరాయి

చెన్నపురి సెంట్రల్ స్టేషనుకు చేరువలో, రిప్పన్ భవనము ప్రక్కన ఎర్రయిటుకల మేడ యొకటి కలదు. హోసూరు నుండియు కృష్ణగిరి నుండియు పనులమీద పట్టణమునకు పోవు మనవారిలో దానిని చూడనివా రుండరు. దానితో మనకు గల చుట్టరికము నెరిగినవారు మాత్రము అరుదు. అదియే విక్టోరియా పబ్లిక్ హాలు.

1883 డిసెంబరు 17వ తేదీన దానికి శంకుస్థాపన చేసినది విజయనగర మహారాజు ఆనంద గజపతి. చిషోం దొర నమూనా వ్రాయగా నంబెరుమాళ్ శెట్టి కట్టించెను. 1891లో బళ్ళారి నుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ సరస వినోదినీ సభతో వచ్చి అచ్చట తెలుగు నాటకము లాడిరి. చదువుకొన్న పెద్దమనుష్యులు ముఖమునకు రంగు పూసికొని రంగమెక్కుట చూచి, పదునెనిమిదేండ్ల పమ్మల్ సంబంధ మొదలియారు చకితుడయ్యెను. ఆ యేడే మిత్రులతో సుగుణ విలాస సభను స్థాపించెను. తమిళ నాటకమునకు క్రొత్తయుగము తెచ్చిన సభ అది. దానికి ప్రేరణ తెలుగు నాటకము! ఈ మాట గొప్పకు చెప్పుటలేదు. మొదలియారుగారే తమ స్మృతులలో దాచక చెప్పుకొన్నారు. ఇచ్చిపుచ్చుకొనుట యనగా నిట్టిది.

ఆచార్యులవారి బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. చెన్నపట్నము ఆంధ్రకు దక్కలేదు. మన హోసూరు సంగతి చెప్పనేల? ఆంధ్ర నాటక పితామహుని యూరును, ఆయన ఆడిన శాలయు రెండును సరిహద్దులకు ఆవలనే యున్నవి. కనుక ఈ చరిత్రను కాపాడు బాధ్యత మనబోటి పొరుగు రాష్ట్రపు తెలుగువారిపైననే ఎక్కువగా నున్నదని మా అభిప్రాయము.

జర్మనీలో డ్రెస్డెన్ నగర సంగీత నాటకశాల 1869లో కాలిపోయినది. 1878లో మరల లేచినది. 1945 ఫిబ్రవరి బాంబులకు కూలినది. సరిగా నలువది యేండ్లకు, 1985లో, తిరిగి తెరచిరి. యుద్ధకాలమున మూతపడుటకు ముందు చివరిసారి ఆడిన వేబర్ సంగీత నాటకముతోనే తెరచుట గమనింపదగినది. గోడలు లేపుట తాపీవాని పని. ఏ నాటకముతో తెరవవలెనో గుర్తుంచుకొనుట ఊరివారి పని.

ఏండ్ల తరబడి మూతపడియుండిన విక్టోరియా హాలు పునరుద్ధరణకు చెన్నై నగరపాలక సంస్థ పూనుకొనుట సంతోషకరము. అచ్చట ఆనంద గజపతి పేరును, 1891 నాటి బళ్ళారి నాటకములును తెలుగులో కూడ వ్రాసియుంచవలెనని మన సంఘములు విజ్ఞప్తి పంపవలెను. ఆచార్యులవారి 'చిత్రనళీయము' ఒక్కమారైనను ఆ రంగముమీద ఆడవలెను.

ఆడువా రెవరందురా? చిక్కంతయు నిచ్చటనే యున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత మన పిల్లలకు తెలుగు చదువు ఇరుకైనది. పద్యము చదువగలవారు తగ్గుచున్నారు. మన పల్లెలలో తెల్లవారులు వీధినాటకము చూచిన పెద్దలింకను ఉన్నారు. ఈ వేసవి సెలవులలో ప్రతి శాఖయు పదిమంది పిల్లలను వారియొద్ద కూర్చుండబెట్టి ఒక్క రంగమైనను నేర్పించినచో, విజ్ఞప్తితోపాటు నటుల పట్టికను కూడ పంపగలము.