జనాజాకు నోచుకోని దుఃఖం

రాజమహేంద్రవరంలో మేము నివసించే వీధికి రెండు వీధుల అవతల ఒక సోదరి ఉన్నారు. 2021లో, రంజాన్ నెల చివరి రోజుల్లో, ఆమె భర్త కరోనాతో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ ఏడాది ఆఖరున, ప్రభుత్వం ఇస్తానన్న 50,000 రూపాయల పరిహారానికి దరఖాస్తు నింపించుకోవడానికి ఆమె కాగితాల సంచితో మా ఇంటికి వచ్చారు. పదవీ విరమణ చేసిన గుమాస్తా ఇంటికి ఇటువంటి సంచులు రావడం కొత్త కాదు. మరణ ధ్రువపత్రం, పరీక్ష ఫలితం, ఆధార్, బ్యాంకు పుస్తకం అన్నీ సరిచూసి, సంతకం పెట్టించి, తిరిగి సంచిలో సర్దుతుండగా ఆమె తల వంచుకునే అడిగారు: “భాయ్, ఆయనకు గుస్ల్ ఇచ్చారో లేదో వీటిలో ఎక్కడైనా రాసి ఉంటుందా?”

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ దస్త్రాలు రాసిన చేయి మాది. ఆ సంగతి ఏ దస్త్రంలోనూ ఉండదని మాకు తెలుసు. ఆ రాత్రి మూటగట్టిన దేహాన్ని వాహనంలో నుంచి నేరుగా ఖబ్రిస్తాన్‌కు చేర్చారు. కొడుకు కూడా క్వారంటైన్‌లో ఉన్నాడు. నలుగురు అపరిచితులు మట్టి ఇచ్చారు. ఆమె నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పూర్తి చేశారు, ఇల్లు నడుపుతున్నారు, పిల్లల చదువు ఆగలేదు. చూసేవారికి ఆమె నిబ్బరంగానే కనిపిస్తారు. కానీ ఆ ఒక్క ప్రశ్న ఆమెను రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. మన వీధుల్లో ఇటువంటి ప్రశ్నలు ఇంకెన్ని ఇళ్లలో మూగగా పడి ఉన్నాయో ఎవరూ లెక్కించలేదు. ఆ సంవత్సరాల గాయాన్ని గురించి మన సమాజం తనలో తాను కూడా మాట్లాడుకోలేదన్నదే మా బాధ.

ఆ గాయం రెండు పొరలది. పై పొర మరణాలది. కింది పొర అంతకు ఏడాది ముందు, 2020 వసంతంలో పడింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లి వచ్చినవారి పేరిట మార్చి చివరి నుంచి దేశమంతటా ఏం జరిగిందో పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ రోజువారీ ప్రకటనల్లో ఆ సమావేశం లెక్కను విడిగా చదివారు. ఏ ఇతర జనసమూహానికీ అటువంటి ప్రత్యేక పద్దు తెరవలేదు. వ్యాధికి మతం అంటగట్టవద్దని ఏప్రిల్ మొదటి వారంలోనే మన రాష్ట్ర ముఖ్యమంత్రి బహిరంగంగా కోరారు. ఆ మాట చెప్పినందుకు గౌరవించవలసిందే. అయితే అప్పటికే ఫోన్లలో తిరుగుతున్న దృశ్యాల వేగం ముందు ఆ మాట చాలా నెమ్మదిగా నడిచింది.

మాకు తెలిసిన ఒక తోపుడుబండి వ్యాపారి, ఇరవై ఏళ్లుగా ఒకే పేటలో అరటిపళ్లు అమ్ముకునేవాడు, ఆ ఏప్రిల్‌లో తన పేరు చెప్పవలసి వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆయన పేరు ఎవరూ అడగలేదు. ‘అరటిపళ్లబ్బాయి’ అంటే సరిపోయేది. పేరు విన్నాక బండిని వెనక్కి తిప్పించారు. బడులు తెరిచాక ఒక బాలుడిని తోటి పిల్లలు ‘కరోనా’ అని పిలిచారు. వాడు ఇప్పుడు పదవ తరగతి దాటాడు. ఈద్ నాడు కూడా టోపీని జేబులో పెట్టుకుని వెళ్లి, మసీదు గుమ్మంలో తొడుక్కుని, బయటికి వస్తూ తీసేస్తాడు. తండ్రి కోప్పడ్డాడు. తండ్రి కోప్పడవలసింది కొడుకు మీద కాదని మేము చెప్పాము.

తర్వాత న్యాయస్థానాలు మాట్లాడాయి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయం వ్యక్తం చేసింది. అదే సంవత్సరం డిసెంబరు 15న ఢిల్లీలోని న్యాయస్థానం 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న కేసులను రద్దు చేసింది. అంటే ఆ ఆఖరి తీర్పుకు ఐదేళ్లు పైబడింది. నింద మొదటి పేజీలో వచ్చింది, తీర్పు లోపలి పేజీలో ఒక మూల వచ్చింది. అరటిపళ్ల బండి దగ్గరకు వెళ్లి “తప్పు జరిగింది” అన్నవారు ఒక్కరూ లేరు.

పొరుగున ఉన్న శ్రీలంకను చూడండి. అక్కడ 2020 ఏప్రిల్ నుంచి 2021 ఫిబ్రవరి వరకు కరోనాతో మరణించిన ముస్లింలను కూడా బలవంతంగా దహనం చేయించారు. ఖననం వల్ల ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. ఆ వార్తలు చదివి ఇక్కడ మన వృద్ధులు ఎంత భయపడ్డారో మాకు గుర్తుంది. ముంబయి నగరపాలక సంస్థ కూడా ఒక రోజు అటువంటి ఉత్తర్వు ఇచ్చి, కొద్ది గంటల్లోనే వెనక్కి తీసుకుంది. అయితే శ్రీలంక ప్రభుత్వం 2024 జూలైలో ముస్లిం సమాజానికి అధికారికంగా క్షమాపణ చెప్పింది. క్షమాపణతో బూడిద దేహం కాదు. కానీ జరిగింది అన్యాయమని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, బాధితుడు తన బాధకు తానే సాక్ష్యం చెప్పుకుంటూ తిరిగే దురవస్థ కొంత తొలగుతుంది.

ఇక రెండో వేసవి. ఎవరిని వ్యాధి మోసుకొచ్చేవారన్నారో ఆ పిల్లలే ఆంధ్ర దేశంలోని అనేక పట్టణాల్లో శవాలను మోశారు. హిందూ, క్రైస్తవ, ముస్లిం భేదం చూడలేదు. బంధువులు దగ్గరికి రాని దేహాలను శ్మశానానికి చేర్చి, ఆ కుటుంబాల ఆచారం ప్రకారం నిప్పు పెట్టించినవారు కూడా ఉన్నారు. మన డెల్టాలో గొయ్యి తవ్వడమే ఒక శ్రమ. కాలువ గట్టున ఉన్న ఖబ్రిస్తాన్లలో వానాకాలం కొద్ది అడుగుల లోతుకే నీరు ఊరుతుంది. ఒకరు తవ్వుతుంటే మరొకరు తోడాలి. ఆ ప్లాస్టిక్ దుస్తుల్లో చెమటతో తడిసి, ఉపవాసంతో తవ్వారు. సభలు పెట్టి శాలువాలు కప్పాము. ఫొటోలు తీసుకున్నాము. ఆ తర్వాత వారికి నిద్ర పడుతోందా అని అడగలేదు. మేమూ అడగలేదు.

వారిలో ఒకరి తల్లి మా దగ్గరకు వచ్చి, కొడుకు అర్ధరాత్రి లేచి చేతులు కడుక్కుంటూనే ఉంటాడని చెప్పారు. అప్పటికి ఆమె రెండు చోట్ల తావీజు కట్టించారు. ఒక పెద్దమనిషి “నమాజు సరిగా చదివితే ఇవన్నీ పోతాయి” అని మందలించారట. ఆ కుర్రాడు ఐదు పూటలా చదువుతున్నవాడే!

ఇక్కడ మనం నిజాయతీగా మాట్లాడుకోవాలి. ‘సబ్ర్’ అనే పవిత్ర పదాన్ని మనం నోరు మూయించడానికి వాడుతున్నాము. ఏడ్చేవారిని చూసి “ఈమాన్ తక్కువ” అంటున్నాము. దైవప్రవక్త (స) తన పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని కోసం చూపు కోల్పోయేంతగా విలపించిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆయన సబ్ర్‌ను దివ్య గ్రంథం శ్లాఘించింది కూడా. హజ్రత్ ఖదీజా (ర), అబూ తాలిబ్ ఇద్దరూ కన్నుమూసిన సంవత్సరానికి మన చరిత్రకారులు ‘దుఃఖ సంవత్సరం’ అని పేరు పెట్టారు. ఒక ఏడాదికే దుఃఖం పేరు పెట్టుకున్న ఉమ్మత్ మనది. సబ్ర్ అంటే బాధను దాచడమని మనకు ఎవరు నేర్పారు? దుఃఖంలో ఉన్నవారికి బార్లీ పిండితో చేసిన ‘తల్బీనా’ అనే జావ పెట్టించేవారు హజ్రత్ ఆయిషా (ర). మనసు కుదుటపడడానికి కడుపు సంగతి కూడా చూసిన ధర్మం ఇది.

వైద్యం విషయమూ అంతే. అమ్వాస్ మహమ్మారి ఉన్న షామ్ ప్రాంతానికి వెళ్లకుండా హజ్రత్ ఉమర్ (ర) వెనుదిరిగినప్పుడు, ఇది దైవ నిర్ణయం నుంచి పారిపోవడమా అని ప్రశ్న వచ్చింది. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే వెళ్తున్నామని ఆయన భావం చెప్పారు. పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్ని గురించి ఒకే గ్రంథంలో రాశారు. భయం, దుఃఖం, పదే పదే వెంటాడే తలపులు వ్యాధులేనని, వాటికి చికిత్స ఉందని గుర్తించారు. అటువంటి వారసత్వం ఉన్న మనం మనోవైద్యుని దగ్గరకు వెళ్లడాన్ని పిచ్చి ముద్రగా చూస్తున్నాము. ఆ కుర్రాడు ఇప్పుడు మందు వాడుతున్నాడు, నమాజూ చదువుతున్నాడు. రెండింటికీ పోటీ లేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడానికి మాత్రం తల్లిని ఒప్పించేందుకు మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ సోదరి ప్రశ్నకు తిరిగి వద్దాము. మేము దానిని ఒక మౌలానా గారి ముందు పెట్టాము. గుస్ల్ సాధ్యం కానప్పుడు తయమ్ముమ్ అని, అదీ సాధ్యం కానప్పుడు ఆ బాధ్యత మనిషి మీద ఉండదని, శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరి మీదా మోపడని ఆయన వివరించారు. మహమ్మారిలో మరణించిన విశ్వాసికి షహీద్ స్థానం ఉందన్న హదీసునూ చెప్పారు. ఈ నాలుగు మాటలు ఆమెకు ముందే ఎందుకు చేరలేదు? జుమా ప్రసంగాల్లో చెప్పే ఉంటారు. కానీ ఆ ప్రసంగం వినిపించే చోట ఆమెకు స్థానం లేదు.

అందుకే ఆమెవంటి కుటుంబాలను పిలిచి ఒక ఆదివారం దుఆ సమావేశం పెట్టాము. గాయెబానా జనాజా చదవాలని కొందరు, హనఫీ మార్గంలో అది లేదని కొందరు పట్టుబట్టారు. ఒక దశలో సమావేశం ఆగిపోతుందేమో అనిపించింది. మరణించినవారి కోసం దుఆ విషయంలో ఎవరికీ భేదం లేదు కదా అని మౌలానా గారు అనడంతో సద్దుమణిగింది. స్త్రీలకు పరదా వెనుక చోటు కల్పించాము. పేర్లు ఒక్కొక్కటే చదివాము. తమ తండ్రిని మన పిల్లలే సాగనంపారని గుర్తు పెట్టుకుని ఒక హిందూ కుటుంబం కూడా వచ్చి, ఆయన పేరు కూడా చదవమని అడిగింది. చదివాము. దాని మీద తర్వాత మాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. వాటికి మేము జవాబు రాయలేదు.

ఆధ్యాత్మికత ఇంతవరకు తెస్తుంది. మిగిలినది హక్కుల పని. మా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో కొన్ని పరిహారానికి దరఖాస్తే పెట్టలేదు. కాగితం మీద కరోనా అని రాయిస్తే మళ్లీ వీధికి ఆ ముద్ర పడుతుందని వారి భయం. పరీక్షలో నిర్ధారణ అయిన 30 రోజుల్లోపు మరణిస్తే, ఇంట్లో మరణించినా లెక్కలోకి వస్తుందన్న నిబంధన చాలామందికి తెలియలేదు. నిందకు భయపడి హక్కును వదులుకోవడం కంటే లోతైన గాయం ఏముంటుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక చికిత్స పొందడం ప్రతి పౌరుని హక్కు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ వారు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. మన మసీదుల గోడల మీద నమాజు వేళల పట్టిక పక్కన ఆ నంబరు రాయించడానికి ఏ కమిటీ తీర్మానం కావాలి? నెలకు ఒక్క గంట స్త్రీల ప్రశ్నలకు కేటాయించడానికి, మయ్యిత్ సేవ చేసే యువకులకు శిక్షణతో పాటు వారి మంచిచెడ్డలు విచారించడానికి, బడిలో పిల్లవాడికి పడిన మారుపేరును గురించి ప్రధానోపాధ్యాయునితో పెద్దలు నలుగురు వెళ్లి మాట్లాడడానికి డబ్బు కూడా అక్కరలేదు. మేము ఆ బడికి వెళ్లాము, కానీ ఆలస్యంగా వెళ్లాము.

దుఆ సమావేశం నాడు చదివిన పేర్లను మేము ఒక రిజిస్టరులో రాసి ఉంచాము. పేరు, తండ్రి పేరు, మరణించిన తేదీ, ఖబ్రిస్తాన్, మట్టి ఇచ్చినవారు, ఇదీ వరుస. ఆఖరి గడి చాలా పేర్ల ఎదుట ఖాళీగా ఉంది. ఆ సోదరి భర్త పేరు ఎదుట మాత్రం ఈ మధ్యనే నిండింది. ఆ రాత్రి గొయ్యి తవ్విన నలుగురిలో ఒకరు, చేతులు కడుక్కునే ఆ కుర్రాడే, రిజిస్టరు చూసి తేదీని గుర్తుపట్టాడు. వాహనం వెళ్లిపోయాక తామే నిలబడి జనాజా నమాజు చదివామని అతడు చెప్పాడు. ఆ మాట ఆమెకు అతడే వెళ్లి చెప్పాడు.

గోదావరి జిల్లాల్లో తమవారి పేర్లు చేర్చదలచినవారు, ఆ రోజుల్లో మట్టి ఇచ్చినవారు, తేదీ, ఖబ్రిస్తాన్ వివరాలతో ఈ పత్రికకు రాయగలరు.