యాస లేనివాళ్లం మనం

కోట శ్రీనివాసరావుది కంకిపాడు. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో ఆయన కాశయ్య వేషం కట్టి తెలంగాణ మాట మాట్లాడారు. ఆ విలనీ జనానికి ఎంత పట్టిందంటే, ఆ తర్వాత చాలా ఏళ్లు తెలుగు సినిమాలో ఆ యాస ఎక్కువగా రౌడీకో, జోకర్‌కో దక్కింది. రెండేళ్లకు జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో అదే కోట పిసినారి లక్ష్మీపతి అయ్యారు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే మనిషి. ఆయన మాట్లాడింది మన కోస్తా తెలుగే. అది చూసి కోస్తావాళ్లంతా పిసినారులని ఎవరూ అనుకోలేదు. లక్ష్మీపతి పిసినారితనం లక్ష్మీపతిది. కాశయ్య దుర్మార్గం మాత్రం ఒక ప్రాంతం నెత్తిన పడింది.

నటుడిని తప్పుపట్టే పని లేదు. అంత బాగా చేశాడు గనకే అంతకాలం అతుక్కుంది. అడగాల్సింది చూసినవాళ్లని, అంటే మనని. శ్రీకాకుళం మాట ఇంట్లో పనివాడికి, సీమ మాట కత్తి పట్టినవాడికి పంచేసి, హీరోకీ హీరో తల్లికీ కృష్ణా, గుంటూరు మాట ఉంచుకున్నాం. మా చల్లపల్లిలో కూర్చుని సినిమా చూసేవాడికి అది యాసలాగే వినపడలేదు.

అమెరికా టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’లో భూమి మీది మనుషులది కూడా ఇదే దర్జా. వాళ్లు మామూలుగా ఉంటారు, వింతలన్నీ ఇతర గ్రహాలవాళ్లవి. 1987లో ఆ కథలోకి ఫెరెంగీలనే జాతిని తెచ్చారు. పొట్టి ఒళ్లు, చేటల్లాంటి చెవులు, లాభం తప్ప వేరే ధ్యాస లేదు. యూరప్ వందల ఏళ్లుగా యూదు వ్యాపారి మీద వేసిన బొమ్మే మళ్లీ ముసుగేసుకుని వచ్చిందని చాలామంది అన్నారు. మొదట్లో ఆ వేషం వేసినవాళ్లలో ఒకడైన ఆర్మిన్ షిమర్‌మన్ స్వయానా యూదుడు. తన తొలి నటన ఆయనకే నచ్చలేదు. 1993 నుంచి 1999 దాకా నడిచిన మరో స్టార్ ట్రెక్ సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’లో క్వార్క్ అనే సారా దుకాణదారుగా ఆ మచ్చ చెరపడానికి పాటుపడ్డాడు.

ఆ పని నిజంగా పూర్తి చేసింది క్వార్క్ తమ్ముడి కొడుకు, చిన్నవాడు నాగ్. ఆరన్ ఐసెన్‌బర్గ్ వేశాడు. కథ మొదలయ్యేసరికి చిల్లర దొంగ, చదవడం రాదు. అంతరిక్ష కేంద్రం కమాండర్ సిస్కో కొడుకు జేక్ దగ్గర అక్షరాలు దిద్దుకుంటాడు. 1995 నాటి ఒక భాగంలో డబ్బు సంచి పట్టుకుని సిస్కో ముందు నిలబడి, మీ అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్‌లో చేరతాను, సిఫారసు చెయ్యండి అంటాడు. సిస్కో నల్లజాతివాడు. ఆయనకు కూడా ముందు అనుమానమే వస్తుంది: వీడి ఎత్తు ఏమిటి? గట్టిగా నిలదీస్తే కుర్రవాడు బయటపడతాడు. నాన్నకి యంత్రాల విద్య వచ్చు, కానీ మా జాతిలో వ్యాపారం రానివాడికి విలువ లేదు, నాన్నలా మిగిలిపోలేను అంటాడు. ఫెరెంగీ నోట లాభం కాకుండా మరో కోరిక వినపడ్డ క్షణం అది. (ఆ నాన్న రోమ్ మరుసటి ఏడాది అన్న క్వార్క్ దుకాణంలోనే కార్మిక సంఘం పెడతాడు, మార్క్స్‌ని వల్లిస్తాడు కూడా. చల్లపల్లి జమీందారు మీద ఎర్రజెండా ఎత్తిన మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూస్తే మురిసిపోయేవారు.)

ఈ కథలో నాకు నచ్చింది నాగ్ మంచివాడు కావడం కాదు. 1998లో వచ్చిన భాగాల్లో యుద్ధంలో కాలు పోగొట్టుకుని, బతుకంటే భయపడి, ఒక కల్పిత సంగీతశాలలో దాక్కుంటాడు. అక్కడ అతన్ని కాస్త మనిషిని చేసింది ఆ శాల జమాఖర్చులు. లెక్కలు సరిచేసి, వ్యాపారం పెంచే ఉపాయాలు చెబుతాడు. ఏ గుణాన్ని చూపి జాతి మొత్తాన్ని వెక్కిరించారో, ఆ గుణమే అతని సొంత ఆస్తిగా తిరిగొచ్చింది.

సముద్రం దాటితే మనమే ఫెరెంగీలం. ‘సింప్సన్స్’ కార్టూన్‌లో 1990 నుంచి కొట్టు నడిపిన భారతీయుడు అపూ గొంతు హ్యాంక్ అజారియాది. ఆయనదీ యూదు కుటుంబమే. న్యూయార్క్‌లో పెరిగిన తెలుగువారి బిడ్డ, హాస్యనటుడు హరి కొండబోలు 2017లో ఆ గొంతు మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా ఆ పాత్ర వదులుకున్నాడు. మా పక్క కూచిపూడి నుంచి పగటివేషాలకు బయల్దేరినవాళ్లకు, దూరంగా ఉండి ఇంకొకరిని అనుకరించే ఇంత వెసులుబాటు ఉండేది కాదు. పట్టపగలు, నడివీధిలో, ఎవరిని అనుకరిస్తున్నారో వాళ్ల గుమ్మం ముందే వెయ్యాల్సి వచ్చేది. అయినా గుమ్మంలో నిలబడి అభ్యంతరం చెప్పే తాహతు అన్ని కులాలకీ ఉండేదని నేను అనను.

2017లో ‘ఫిదా’ భానుమతి బాన్సువాడ మాటతో హీరోయిన్ అయింది. మొండిది, తొందరపడి మనుషుల్ని అపార్థం చేసుకుంటుంది. 2023లో ‘బలగం’ కుటుంబం చావింట్లో కూడా పాత పగలు మరిచిపోదు. ఆ మొండితనాన్నీ ఆ పగల్నీ తెలంగాణ ఖాతాలో ఎవరూ రాయలేదు. లక్ష్మీపతికి 1987లోనే దొరికిన ఆ చిన్న హక్కు వాళ్లకు అందడానికి 30 ఏళ్లు పట్టింది.