ఇంటి తాళంచెవి

మొన్న ఆదివారం సాయంత్రం కపిలతీర్థం దాకా నడిచి ఇల్లు చేరేసరికి వరండాలో ఒక మిత్రుడు కూర్చుని ఉన్నాడు. చిత్తూరులో ఉపాధ్యాయుడు. నాకంటే బాగా చిన్నవాడు. రానున్న ఏప్రిల్‌లో పదవీ విరమణ. కొడుకు అమెరికాలో, కూతురు కెనడాలో ఉన్నారు. మంచినీళ్లు తాగి, "అన్నా, చిత్తూరిల్లు బేరం పెట్టినాను. ఆరునెల్లు ఆడ, ఆరునెల్లు ఈడ అన్నట్టు ఉంటాం. ఈడుండే ఆరునెల్లకు బాడుగిల్లు చాలదా?" అన్నాడు.

వెంటనే "వద్దు" అన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల మాటలను కుదించి ఇక్కడ పెడుతున్నాను. ఈ టపా చదివే మిత్రులలో చాలామంది ఒకప్పుడు పెళ్లికాని కుర్రవాళ్లుగా రాయడం మొదలుపెట్టినవారే. ఇప్పుడు మీ తల్లిదండ్రులు నా వయసువారు, మీరు నా మిత్రుడి వయసుకు దగ్గరపడుతున్నారు. కాబట్టి ఇది ఇరువురికీ పనికివచ్చే మాటే.

నేను ఒక కళాశాలలో తెలుగు చెప్పి 2006లో విరమించాను. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. 2007 మొదలుకొని నేనూ మా ఆవిడా ఏడుమార్లు వెళ్లివచ్చాం. మొదటిసారి వీసాకు చెన్నపట్నం పోయాం. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గాని తెరవలేదు. ఈ ఏడు ప్రయాణాల్లో చేసిన తప్పులు తలుచుకుంటే నాకు సలహా చెప్పే అర్హత బొత్తిగా లేదనిపిస్తుంది. వాటికి కట్టిన మూల్యం తలుచుకుంటే ఇంతకంటే అర్హుడు దొరకడనీ అనిపిస్తుంది.

మా సీమలో పరదేశం పోవడం కొత్తేమీ కాదు. పీలేరు, రాయచోటి వైపు పల్లెల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు పోతున్నారు. వాళ్లు పోయేది సంపాదించి తిరిగివచ్చి ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి. పింఛనుదారులమైన మనం చేస్తున్నది దానికి తలకిందులు: కట్టుకున్న ఇల్లు అమ్మి, రూపాయల్లో వచ్చే పింఛనుతో డాలర్ల దేశంలో కాపురానికి బయలుదేరుతున్నాం. 2009లో డాలరు 48 రూపాయల చుట్టుపక్కల ఉండేది. 2025 డిసెంబరులో 90 దాటింది. ఈ ఒక్క లెక్క చాలు, మన సొమ్ము ఏ గడ్డ మీద బలంగా ఉంటుందో చెప్పడానికి.

ముందుగా గడువు సంగతి. పదేళ్ల వీసా చేతికొస్తే పదేళ్లూ ఉండవచ్చునని మనవాళ్లు భ్రమపడతారు. వీసా అన్నది గుమ్మం దాకా తీసుకుపోయే చీటీ మాత్రమే. లోపల ఎన్నాళ్లుండవచ్చునో విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తాడు. చూడవచ్చిన తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే నమోదులో ఉంటుంది. దిగిన మరునాడే పిల్లల చేత దాన్ని అంతర్జాలంలో వెదికించి, అచ్చు తీసి దగ్గర పెట్టుకోవాలి. గడువు దాటి 180 రోజులకు పైబడి ఉండిపోయి తర్వాత బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది దాటి ఉంటే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. గడువులోపలే ఉన్నా, వచ్చిన రెండు నెలలకే తిరిగి ప్రయాణం కట్టడం మంచిది కాదు. ఈయన చూడవచ్చినవాడా, కాపురం పెట్టినవాడా అని అధికారికి సందేహం రావడం సహజం. "నాకు ఊళ్లో ఇల్లుంది, పింఛనుంది, తిరిగి వెళతాను" అని నిబ్బరంగా చెప్పగలగడమే అక్కడ మన బలం. ఇల్లు అమ్ముకున్నవాడు ఆ మాట ఏ నోటితో చెబుతాడు?

కెనడాలో తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది. 2022 జూలై నుంచి దాని మీద ఒక్కసారి వెళితే ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు. అయితే కనీసం లక్ష కెనడా డాలర్లకు ఆరోగ్య బీమా చూపించాలి. గడువు ఎంత పొడుగైనా అదీ అతిథి హోదాయే; ఆ హోదాతో అక్కడి ప్రభుత్వ వైద్యం దక్కుతుందనుకోకూడదు.

"గ్రీన్ కార్డు తీసుకుంటే పోలేదా?" అని మిత్రుడు అడిగాడు. కొడుకు అమెరికా పౌరుడైతే తీసుకోవచ్చు. కాని 65 దాటిన వృద్ధులకిచ్చే మెడికేర్, అక్కడ పనిచేయని మనలాంటి వారికి, శాశ్వత నివాసిగా ఎడతెగక ఐదేళ్లు ఉన్నాకే అందుతుంది. అప్పుడు కూడా ఊరికే రాదు, నెలనెలా రుసుం కట్టాలి. ఏడాదికి పైగా స్వదేశంలో ఉండిపోతే కార్డుకే ముప్పు. ఆరు నెలలు దాటినా ప్రశ్నలు తప్పవు. అంటే అరవాసం గడపదలచినవాడికి ఆ కార్డు కాలికి కట్టిన తాడు. పూర్తిగా అక్కడే ఉండిపోదలచినవారి సంగతి వేరు.

ఇక నేను కట్టిన మూల్యం. 2009 ప్రయాణంలో ఖర్చు కలిసొస్తుందని అన్నిటికంటే చవకైన బీమా తీసుకున్నాను. రోజుకింత, పరీక్షకింత అని ముందే గీత గీసి ఇచ్చే రకం అది. వెళ్లిన రెండో నెలలో ఒక అర్ధరాత్రి మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ల వల్ల నొప్పి వచ్చింది. రెండు రాత్రులు ఆసుపత్రి. పదిహేడు వేల డాలర్ల బిల్లు. బీమా వారిచ్చింది మూడు వేల చిల్లర. అప్పటి నా పింఛనుతో లెక్క వేస్తే తక్కిన సొమ్ము రెండేళ్ల పైచిలుకు రాబడి. మా అబ్బాయి ఆసుపత్రి వారితో మాట్లాడి కొంత తగ్గించుకుని, మిగిలినది ఏడాదిన్నర పాటు వాయిదాల్లో కట్టాడు. నాతో ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

అప్పుడు నేర్చుకున్నది చెబుతాను. గీత గీసి ఇచ్చే బీమా వద్దు. మొత్తం బిల్లులో మన వాటా పోను తక్కినది భరించే సమగ్ర బీమా తీసుకోవాలి. మధుమేహం, రక్తపోటు వంటి పాత జబ్బులకు ఇవి సాధారణంగా వర్తించవు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం కొన్ని భరిస్తాయి. ఆ షరతు పిల్లల చేత అక్షరం అక్షరం చదివించుకోవాలి. ప్రాణం మీదికి రాని జ్వరానికి, దగ్గుకు ఆసుపత్రి అత్యవసర విభాగానికి పోకుండా 'అర్జెంట్ కేర్' అనే చిన్న వైద్యశాలకు పోతే ఖర్చు బాగా తగ్గుతుంది. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం లెక్కలు చూడకుండా 911కు ఫోను చేయాలి.

అసలైన పొదుపు బయలుదేరకముందే చేసుకోవాలి. పళ్లు, కళ్లద్దాలు, చెవి యంత్రం, గుండె పరీక్ష అన్నీ ఇక్కడే ముగించాలి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, చిత్తూరు వారికి గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది. ఇంత దగ్గరలో ఇంత వైద్యం పెట్టుకుని అక్కడ పంటినొప్పితో కూర్చోవడం అవివేకం. మందులు అసలు డబ్బాల్లోనే, వైద్యుడి చీటీతో సహా తీసుకుపోవాలి. అమెరికాలోకి సాధారణంగా మూడు నెలలకు సరిపడా మందులనే తెచ్చుకోనిస్తారు. మిగతా నెలల సంగతి ముందే వైద్యుడితో మాట్లాడుకోవాలి. చీటీలో మందు అసలు పేరు రాయించుకుంటే అక్కడి వైద్యుడికి అర్థమవుతుంది.

టిక్కెట్టు విషయంలో ఒక్క మాట. పిల్లల బడి సెలవుల్లో, డిసెంబరు పండుగల్లో ధరలు మండిపోతాయి. మేము మార్చి నెలాఖరులో వెళ్లి, బ్రహ్మోత్సవాల నాటికి తిరిగి వచ్చేవాళ్లం. తిరుపతి ఎండలూ తప్పేవి, ధరా తగ్గేది. రెండు వేర్వేరు టిక్కెట్లు అతికించి నాలుగు వేలు మిగిల్చాననుకోవడం మాత్రం పొరపాటు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే బాధ్యులెవరూ ఉండరు. చక్రాల కుర్చీ ముందుగా అడిగితే సొమ్ము తీసుకోకుండా ఇస్తారు. భాష రాని తల్లులకు అది కుర్చీ కాదు, దారి చూపే మనిషి.

ఇప్పుడు ఇంటి సంగతి. "తాళం వేసిన ఇల్లు దండగ కదా" అంటాడు మిత్రుడు. నిజానికి దండగ ఎంత? ఇంటిపన్ను, నీటిపన్ను, కరెంటుకు కనీస రుసుం, వారానికోసారి ఊడ్చి దీపం పెట్టే మనిషికి జీతం. మా బైరాగిపట్టెడ ఇంటికి ఇవన్నీ కలిపి నెలకు మూడు వేలు దాటలేదు. మేడ మీది భాగం బాడుగకిచ్చాం, పదకొండు నెలల కరారు రాసుకుని. బాడుగతో ఆ ఖర్చు పోను కొంత మిగులుతుంది. పైగా ఇంట్లో మనుషుల అలికిడి ఉంటుంది. కింది భాగం మాకోసం అలాగే ఉంటుంది.

ఖాళీ స్థలమో, మామిడితోటో ఉన్నవారు మరికాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడున్నా ఈసీ తీయించి చూసుకోవచ్చు. పొలమైతే మీభూమిలో తమ పేరు తమదిగానే ఉందా అని అప్పుడప్పుడు చూసుకోవాలి. ఎవరికైనా అధికార పత్రం రాయవలసి వస్తే సర్వాధికారాలూ ఇవ్వకుండా, ఫలానా పని కోసమని పరిమితంగా, బయలుదేరకముందే ఇక్కడే రాసి ఇవ్వడం మేలు. విదేశంలో రాసిన పత్రాన్ని అక్కడ ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపల స్టాంపు వేయించాలి. అదంతా వేరే తిప్పలు.

పింఛనుకు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. కేంద్ర పింఛనుదారులకు నవంబరు నెల. రాష్ట్రం వారు ఖజానా శాఖ ప్రకటించే గడువు చూసుకోవాలి. ఆ సమయానికి అక్కడే ఉండిపోతే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ పొందవచ్చు. ఇక్కడి ఫోను నంబరును 90 రోజులు వాడకుండా వదిలేస్తే పోయే ప్రమాదముంది. ఆ నంబరు పోతే బ్యాంకు ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే మన సొమ్ము మనకు అందదు. రోమింగు తెరిపించి, రీఛార్జి ఆగిపోకుండా చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు స్వదేశంలో ఉంటే పన్ను లెక్కల్లో నివాసిగానే ఉంటాం. వృద్ధుల పొదుపు పథకం కొత్త ఖాతా ప్రవాసులకు ఇవ్వరు. ఇక్కడి ఆరోగ్య కార్డునూ బీమానూ మురిగిపోనివ్వకూడదు. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వైద్యం ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరులో వచ్చింది. ఇవన్నీ ఇక్కడి విలాసం ఉన్నవాడి ఆస్తులు.

ఇంతా చెప్పాక మిత్రుడికి ఇంకొకరి కథ చెప్పాను. మా వీధిలోనే ఉండే దంపతులు 2008లో ఇల్లమ్మి, ఆ సొమ్ము కొడుకు అక్కడ కొనే ఇంటికి మొదటి కిస్తీగా ఇచ్చి వెళ్లిపోయారు. కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే. కాని ఆ ఇంటికి నాలుగు మైళ్లలో నడిచి చేరగల కొట్టు లేదు, గుడి లేదు, మాట్లాడే మనిషి లేడు. పసివాణ్ణి చూసుకున్నన్నాళ్లు రోజులు గడిచాయి. వాడు బడికి పోయాక ఆమె కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. నాలుగేళ్లకు తిరిగి వచ్చారు. అప్పటికి తమ ఇంటి ధరకు అదే వీధిలో రెండు గదులు కూడా రాలేదు. కొడుకును అడగడానికి మొహమాటం. అడిగినా ఆ డబ్బు గోడల్లో ఉంది. ఆయన చివరిదాకా కొర్లగుంటలో బాడుగింట్లోనే ఉన్నారు. కొడుకు మీద కోపం వచ్చినప్పుడు కోపగించుకుని వచ్చేయడానికి ఒక ఇల్లు లేకపోవడమే తన అసలు కష్టమని ఒకసారి నాతో అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నా అభిప్రాయం ఇదే. వయసు మీద పడ్డాక పొదుపు చేయవలసింది డబ్బు కోసం కాదు, ఎవరి మొహమూ చూడకుండా టిక్కెట్టు కొనుక్కుని తిరిగి రాగల శక్తి కోసం. తిరిగి రాగలిగినవాడే అక్కడ హాయిగా ఉండగలడు. పిల్లలకు బరువు కానివాడూ వాడే, పిల్లల ఇంట్లో పనిమనిషి కానివాడూ వాడే.

కాబట్టి పిల్లలైన మిత్రులకూ మూడు మాటలు. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు మంచి బీమా మీరే కొనండి. దాని ధరలో బేరాలాడకండి. వారి చేతికి కొంత సొమ్ము లెక్క అడగకుండా ఇవ్వండి. పసివాణ్ణి వారు చూసుకున్నందుకు మీకు మిగిలిన డేకేర్ రుసుం ఎంతో ఒక్కసారి గుణించుకుంటే అది దానం కాదని తెలుస్తుంది. ఊళ్లో ఇల్లు అమ్మమని మాత్రం, ఎంత మంచి ధర వచ్చినా, మీ నోటితో అడగకండి.

మిత్రుడు వెళ్లేముందు గేటు దగ్గర నిలబడి, "బేరగాడికి ఏం చెప్పేది అన్నా? బయానా కూడా ఇస్తానంటాండాడు" అన్నాడు. పైభాగం బాడుగకు కుదర్చమని చెప్పు, కమీషను వాడికీ దక్కుతుంది అన్నాను. ఇంకా తేల్చుకోలేదు. నిన్న రాత్రి ఫోను చేసి, ఆయన భార్య మాత్రం ఇల్లమ్మడానికి ససేమిరా అంటున్నదని చెప్పాడు. ఆ ఇంట్లో నాకంటే తెలివైనవారు ముందే ఉన్నారన్నమాట.

ఇటువంటి ప్రయాణాల్లో మీరు గాని మీ పెద్దలు గాని నేర్చుకున్న పాఠాలుంటే రాయండి. ఏప్రిల్ లోపల ఆయనకు చదివి వినిపిస్తాను.