నది కింద గెలిచి, ఇళ్ల కింద తడబడిన సొరంగం

హుగ్లీ నది అడుగున రైలు నడవడాన్ని 2024 మార్చిలో దేశమంతా వేడుకగా చూసింది. ఆ గర్వం న్యాయమైనదే. కానీ కోల్‌కతా ఈస్ట్-వెస్ట్ మెట్రోకు అసలు గండం నది కింద ఎదురుకాలేదు. బౌబజార్ సందుల్లో, జనం కాపురముంటున్న ఇళ్ల కింద ఎదురైంది.

గంగమ్మ తెచ్చిపోసిన ఒండ్రు మీద కట్టిన ఊరు ఇది. పైన మెత్తటి బంకమన్ను, కొద్ది లోతులోనే నీరు. 1921లోనే హార్లే డాల్రింపుల్-హే అనే బ్రిటిష్ ఇంజనీరు ఇక్కడ భూగర్భ రైలుకు ప్రణాళిక వేశాడు. డబ్బు చాలక అది కాగితాల మీదే మిగిలింది. 1972 డిసెంబర్ 29న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన తొలి మార్గాన్ని ఎక్కువ భాగం రోడ్డు తవ్వే కట్టారు. బెంటొనైట్ ద్రావణం నింపిన లోతైన కందకాల్లో కాంక్రీటు పోసి ముందు గోడలు లేపారు. ఆ గోడల మధ్య మట్టి తోడి, రైలు దారి కట్టి, పైన మళ్లీ రోడ్డు వేశారు. శ్యాంబజార్, బెల్గాచియా మధ్య మాత్రం పైన కాలువ, రైల్వే యార్డు ఉండటంతో సొరంగం తొలవక తప్పలేదు. ఊటనీరు లోపలికి రాకుండా గాలి ఒత్తిడి పెంచి, ఆ ఒత్తిడిలోనే కార్మికులు పనిచేశారు. వారి కష్టాన్ని మనం ఎక్కడా తగినంతగా రాసుకోలేదు.

1984 అక్టోబర్ 24న 3.4 కిలోమీటర్ల మేర దేశంలో తొలి మెట్రో రైలు కదిలింది. దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఇంత జాప్యానికి మట్టి ఒక్కటే కారణం కాదు. తొలి ఏళ్లలో నిధులు చాలలేదు, నేలలోని పైపులు, కేబుళ్లు మార్చడం తెమల్లేదు, కోర్టు స్టేలు అడ్డుపడ్డాయి.

రెండో తరం మార్గమైన ఈస్ట్-వెస్ట్‌కు సొరంగం తొలిచే యంత్రాలు వచ్చాయి. తవ్వే ముఖం దగ్గర మట్టి ఒత్తిడిని అదుపులో పెడుతూ, వెనకే కాంక్రీటు వలయాలు బిగించుకుంటూ 2017లో అవి 520 మీటర్ల నదిని దాటేశాయి. నది అంటే అందరికీ భయమే, అందుకే అక్కడ జాగ్రత్త కూడా ఎక్కువే.

2019 ఆగస్టు 31 రాత్రి బౌబజార్‌లో యంత్రం నీటితో నిండిన ఇసుక పొరను తాకింది. నీటితోపాటు మట్టి సొరంగంలోకి కొట్టుకొచ్చింది. పైన నేల కుంగింది. పాత ఇటుక ఇళ్లు పగిలాయి, కొన్ని కూలాయి. వందల మంది కట్టుబట్టలతో హోటళ్లకు చేరారు. 2022 మేలో, అక్టోబరులో మళ్లీ నీరు ఊరింది, మళ్లీ ఇళ్లు బీటలు వారాయి. మొదట సెంట్రల్ స్టేషన్ దగ్గర పాత మార్గాన్ని కలవాల్సిన దారిని తర్వాత ఎస్ప్లనేడ్ వైపు మళ్లించడంతోనే సొరంగం ఈ ఇళ్ల కిందికి వచ్చింది. మార్గం పూర్తిగా తెరుచుకున్నది 2025 ఆగస్టు 22న.

భూగర్భంలో ఊహించనివి తప్పవని ఇంజనీర్లు అంటారు. నిజమే. అయితే ఆ ఊహించనిదాని భారం పైన నివసించేవాడి నెత్తిన పడటం మాత్రం ముందే ఊహించదగినది. మార్గం మార్చినప్పుడు మట్టి పరీక్షల ఫలితాలు ఆ వీధివాసుల చేతికి అందాలి. ప్రతి పాత ఇంటి పునాదినీ తవ్వకానికి ముందే పరీక్షించాలి. ఇల్లు దెబ్బతింటే ఎంత పరిహారం, ఎన్నాళ్లలో, ఎక్కడ బస అన్నది యంత్రం నేలలోకి దిగకముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. భూగర్భ మెట్రోకు సిద్ధమవుతున్న ప్రతి నగర పాలకులూ ఈ హామీని టెండరు షరతుల్లోనే చేర్చాలి.